ఆ చీటీ పట్టుకొని లేచిన ఆదివారం

మా సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం వస్తుంది. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలును ఎవరికి వారు లేచి చెప్పుకునే సమయం. సరిగ్గా అప్పుడే నేను లేచి బయటికి వెళ్ళిపోతాను. మా గుడి ఒక రేకుల షెడ్డు, దాని పక్కన కిటికీ దగ్గర నిలబడి లోపలి మాటలు వింటాను. ముసలాయనకు షుగరు ముదిరిందని, పది నిమిషాలు కూడా ఆపుకోలేడని మన యువకులు అనుకుంటున్నారట. షుగరు లేదు నాయనా, దేవుని దయవల్ల ఇంకా రాలేదు. కూర్చోలేని మాట మాత్రం నిజం.

కిందటి నెల యువజన కూడికలో నన్ను మాట్లాడమన్నారు. విశ్వాసం, ఉద్యోగం అనే అంశం మీద పదిహేను నిమిషాలు. లేచి ఏవో నాలుగు ముక్కలు గొణిగి కూర్చున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ, "ఊరూరా తిరిగి జనంతో పోట్లాడినోడివి, పిల్లోళ్ల ముందర నోరు పడిపోయిందా?" అంది. పడిపోలేదు. చెప్పాల్సిన కథ పదిహేను నిమిషాల్లో ఇమడదు, పైగా అందులో నేను మంచివాణ్ణి కాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కుదురుగా చదివితే చదవండి, లేకపోతే మీ ఇష్టం.

నేను క్షయ నివారణ విభాగంలో సూపర్వైజరుగా చేశాను. పుంగనూరు, సదుం వైపు పల్లెలు నావి. ఉద్యోగం పేరు గొప్పగా ఉంటుంది గానీ చేసే పని ఒక్కటే. మోటారు సైకిలెక్కి ఇంటింటికీ పోయి "మాత్ర మింగినావా?" అని అడగడం. ఆ జబ్బుకు ఆరు నెలలు మాత్రలు మింగాలి. మొదటి రెండు నెలల్లో దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్ళు చేస్తుంది. అప్పుడు కళ్లె, అంటే దగ్గితే పడే కఫం, పరీక్ష చేస్తే చాలామందికి క్రిమి కనబడదు, నెగటివ్ అని చీటీ వస్తుంది. కనబడలేదంటే చచ్చిందని కాదు. టమోటా మడిలో గరికను పైపైన కోస్తే నేల శుభ్రంగానే ఉంటుంది, వేరు మాత్రం లోపలే ఉంటుంది. తక్కిన నాలుగు నెలలూ ఆ వేరు కోసమే. ఈ మాట రోజుకు పదిమందికి చెప్పేవాణ్ణి. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ణి.

నేను చెప్పబోయే ఆమెది సదుం దగ్గర ఒక పల్లె. మదనపల్లె మార్కెట్లో టమోటాలు ఏరి, పచ్చివీ పండువీ వేరుచేసి క్రేట్లలో నింపే పని. భర్త లారీ మీద పోతే వారాల తరబడి రాడు. ఒక్కతే కూతురు, ఐదో తరగతి. దగ్గితే రక్తం పడుతోందని మా సెంటరుకు వచ్చినప్పుడు మాత్రలు మొదలుపెట్టించింది నేనే. అంతకుముందే ఆమె నాకు తెలుసు, మా సంఘంలో పాట ఎత్తుకునేది ఆమే కాబట్టి. హార్మోనియం వాయించేవాడు శ్రుతి వెతుక్కుంటూ ఉండగానే ఆమె గొంతు పైకి లేచేది, తక్కినవాళ్ళం వెనకాల పడి పరుగెత్తేవాళ్ళం. జబ్బుతో ఆ గొంతు మూగబోయింది. రెండు నెలల మాత్రలకు తిరిగొచ్చింది.

ఇక నా సంగతి. మాది తాతల నాటి క్రైస్తవం. గడియారం చూసుకొని ప్రార్థన చేసి, గడియారం చూసుకొని లేచే రకం. ఈ రేకుల షెడ్డుకు వచ్చాకే జనం చేతులెత్తి ఏడవడం చూశాను. వాళ్ళ మధ్య కట్టెలా నిలబడేవాణ్ణి. నిజం చెప్పాలంటే కుళ్ళుకునేవాణ్ణి. పాస్టరయ్య నాకంటే చిన్నవాడు, ఇంటరు దాకా చదివాడు, ప్రార్థన చేస్తే రేకులు అదిరేవి. మనిషి మంచివాడు. ఒకరోజు భోజనాల దగ్గర నవ్వుతూ, "సారూ, దేవుడు మీ తలకాయలోనే నిలిచిపోయినాడప్పా. ఇంగా గుండెలోకి దిగలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట నన్ను నెలల తరబడి వదల్లేదు. బండి మీద పోతుంటే గుర్తొచ్చేది, అన్నం తింటుంటే గుర్తొచ్చేది.

ఒక శనివారం మా ల్యాబ్ టెక్నీషియను పిలిచాడు. పుంగనూరు సాయిబు, నా వయసే, నోట్లో ఎప్పుడూ వక్క. మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే, "మీ చర్చీ అమ్మది నెగటివ్ సారూ. ఇంగ నాలుగు నెలలు మరవొద్దని గట్టిగా చెప్పండి" అన్నాడు. చీటీ రాసి నా చేతికిచ్చాడు. గట్టిగా చెప్పమన్నాడు, గుర్తుపెట్టుకోండి.

మరునాడు సాక్ష్యాల సమయంలో ఆ చీటీ జేబులో ఉంది. ఎవరో పాడుతున్నారు. నాకు కళ్ళు నిండాయి. అది నటన కాదు. ఇన్నేళ్ళకు దిగినాడు అనుకున్నాను. లేచి ముందుకు పోయి చీటీ పైకెత్తి, "మన చెల్లెలికి నెగటివ్! ఒక్క క్రిమి లేదు! దేవుడు ముట్టినాడు!" అని అరిచాను. షెడ్డంతా స్తోత్రం, స్తోత్రం. పాస్టరయ్య నన్ను కావలించుకొని, "దిగినాడు సారూ, దిగినాడు!" అన్నాడు. ఆమె ఏడుస్తూ లేచి పాట ఎత్తుకుంది.

నాలుగు నెలల మాత్రల సంగతి అప్పుడు నాకు గుర్తులేక కాదు. గుర్తుంది. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే నా సాక్ష్యం చప్పబడిపోతుందనిపించింది. రేపు ఇంటికి పోయి చెప్దాంలే అనుకున్నాను. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన తప్పు ఇదొక్కటే అనను, చాలా చేశాను. తెలిసి చేసింది మాత్రం ఇదే.

రేపు రాలేదు. సోమవారం పొద్దున్నే కుప్పం పొమ్మని ఆర్డరొచ్చింది. అక్కడి సూపర్వైజరు సెలవులో ఉన్నాడు, రెండు నెలలు నేనే చూడాలి. మధ్యలో రెండుసార్లు ఆమెకు ఫోన్ చేశాను. "ఎట్లుండావమ్మా?" అంటే, "స్తోత్రం సారూ, బాగుండాను" అంది. సంతోషపడి పెట్టేశాను. ముక్కూముఖం తెలియనివాళ్ళను గుమ్మంలో నిలబెట్టి అడిగే ఆ ఒక్క ప్రశ్న, ఆమెను అడగలేదు. అడిగితే నా నమ్మకాన్ని నేనే అనుమానించినట్టు ఉంటుందనిపించింది.

మా సంఘంలో ఒక బల్ల ఉండేది. బాగుపడినవాళ్ళు తమ జబ్బు తాలూకు వస్తువొకటి తెచ్చి దాని మీద పెట్టేవాళ్ళు. చంకకర్రలు, నడుముకు కట్టే బెల్టు, పాత తాయెత్తులు అలా చేరాయి. ఒకసారి పెట్టిన వస్తువును వెనక్కి తీసుకుంటే దేవుడికిచ్చిన మాట తప్పినట్టు లెక్క. కుప్పం నుంచి తిరిగొచ్చిన ఆదివారం ఆ బల్ల మీద మాత్రల అట్టలు కనిపించాయి. ఎర్ర మాత్రలు, ఒక్కటి కూడా చించలేదు. ఎవరివని అడగాల్సిన పని లేదు, ఆ అట్టలు పంచేది మేమే.

"మీ సాక్ష్యం ఫలమే సారూ," అన్నాడు పాస్టరయ్య వెలిగిపోతూ. "మీరు చెప్పిన మరుసటి వారమే తెచ్చి పెట్టేసింది."

"ఆమె యాడ?"

"అమ్మగారింటికి పోయిందంట. గుడుపల్లె దిక్కు. మూడు వారాలుగా రాలేదు."

ఆ తర్వాత నేను వాక్యం వినలేదు, పాట వినలేదు. ఆ అట్టలకేసి చూస్తూ రెండు నెలలకు ఎన్ని పూటలో మనసులో వేసుకుంటూ కూర్చున్నాను.

సోమవారం ల్యాబ్‌లో టెక్నీషియనుకు చెప్పాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టి నా మొహం చూశాడు. "ఏరు దాటినాక తెప్ప తగలేసేవాళ్ళను చూసినాను సారూ. ఏరు నడిమధ్య తగలేసినోళ్ళను ఇప్పుడే చూస్తాండా" అన్నాడు. నాకు కోపమొచ్చింది. నీకేం తెలుసు మా సంగతి అన్నాను. ఆయన ఉమ్మేసి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. "మా అబ్బా ఐదు పూటలా నమాజు తప్పడు. షుగరు మాత్రా తప్పడు. ఒకటి మానితే ఇంగోటి అల్లా ఒప్పుకుంటాడని యాడా చెప్పలే. మీ దేవుడు మాత్రం ఒప్పుకుంటాడా? బండి తీయండి, పోండి."

బండి తీశాను. పలమనేరు దాటి, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం, అక్కణ్ణుంచి గుడుపల్లె. దారి పొడుగునా నాతో నేనే వాదించుకున్నాను. నేను కుప్పంలో ఉండగానే ఆమె కుప్పం పక్కకు చేరింది. ఎదురుగా ఉండి కూడా చూడలేకపోయానే అని ఒక కోపం, చదువుకున్నదే గదా ఆమెకు తెలియదా అని ఇంకో కోపం. ఆ రెండోది దొంగ కోపమని నాకు తెలుసు.

ఆమె వాకిట్లో చింతకాయ కొడుతోంది. పాత చీరలాగా అయిపోయింది మనిషి. నన్ను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గింది. కొంగు మీద ఎర్రగా మరక. పక్కన కూతురు పుస్తకం మూసి, వాళ్ళమ్మ దగ్గు ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసింది.

"ఎన్నాళ్ళుగా?" అన్నాను.

"నెల సారూ."

"యాల చెప్పలేదమ్మా? నేను ఫోన్ చేసినాను గదా!"

"ఏమని చెప్పాల? బాగుపడినానని అందరి ముందర పాట పాడినాను గదా. మళ్ళా దగ్గు వస్తాందంటే సంఘంలో ఏమనుకుంటారు? దేవుని పేరు చెడిపోతాది. అందుకే ఈడికి వచ్చేసినాను."

నాకు తెలిసిన శాస్త్రమంతా చెప్పాను. గరిక చెప్పాను, వేరు చెప్పాను. బైబిల్లో ఒక రాజు పుండు లేచి ప్రార్థన చేస్తే, ప్రవక్త దానికి అత్తిపండ్ల ముద్ద కట్టమన్న సంగతి కూడా చెప్పాను. ఆమె ఓపిగ్గా వింది. సంచిలోంచి మాత్రల అట్ట తీసి ఆమె చేతిలో పెట్టబోతే చేయి వెనక్కి తీసుకుంది.

"నేను సదువుకోనిదాన్ని కాదు సారూ, పది పాసైనాను. నువ్వు చెప్పేది అర్థమవుతాండాది. మాత్ర మింగితే సాక్ష్యం అబద్ధమవుతాది. మింగకపోతే నేను పోతాను. నా బిడ్డకు అమ్మ ఉండదు. రెండిటికీ నడాన ఇరికించింది నువ్వు. ఆడ నిలబడి అందరి ముందర ఒక మాట చెప్పినావు. ఈడికొచ్చి చింతకాయల దగ్గర ఇంగో మాట చెప్తాండావు. యాది నిజమో ఆడనే చెప్పు. చెప్తే మింగుతాను."

"బుధవారం ఉపవాస ప్రార్థనలో చెప్తాను."

"ఆదివారం చెప్పినావు. ఆదివారమే చెప్పు."

నేను చాలామంది మొండివాళ్ళతో పోట్లాడాను గానీ ఇంత న్యాయమైన మొండితనం చూడలేదు. కళ్లె నమూనా మాత్రం ఇచ్చింది. నోటికి గుడ్డ కట్టుకొని, కూతురికి దూరంగా పడుకోమని చెప్పి తిరిగొచ్చాను.

ఆ వారం ఎలా గడిచిందో నన్నడక్కండి. ఆరు రోజులు, ఒక్కో రోజూ ఆమె ఒంట్లో క్రిమి పెరుగుతూ ఉంటుంది. పనిమీద మనసు లేదు. ఒకరి ఇంటికి పోవాల్సింది ఇంకొకరి ఇంటికి పోయాను. పాస్టరయ్య దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి, "విశ్వాసులు చెదిరిపోతారు సారూ, వద్దు" అన్నాడు. రెండోసారి ప్రార్థన చేద్దామన్నాడు. మూడోసారి నేను అరిచాను. ఆయన తలుపు దగ్గరికేసి, వంటింట్లోకి పోయి కందిపప్పు డబ్బా వెనకనుంచి ఒక అట్ట తెచ్చి చూపించాడు. బీపీ మాత్రలు.

"మూడేండ్లుగా మింగుతాండా. ఎవురికీ తెలీదు. ఆ బల్ల పెట్టింది నేనే," అన్నాడు తల దించుకొని. "మీరు చెప్పండి సారూ. నేను ఆపను. నాకు మాత్రం చెప్పే ధైర్యం లేదు."

ఆ మనిషిని తిట్టాలనిపించలేదు. తలలో ఒకటి, గుండెలో ఒకటి పెట్టుకొని బతికేవాళ్ళం మేమిద్దరమే కాదని ఇప్పుడు తెలుసు. దేవుడు తలకాయలో ఒక్కచోటే ఉంటే చాలదని ఆయన చెప్పింది సత్యం. గుండెలో ఒక్కచోటే ఉన్నా చాలదని నేను నేర్చుకోవాల్సి వచ్చింది. ఏడవడం తప్పు కాదు పిల్లలూ. ఏడుస్తున్నాం కదా అని తెలిసిన నిజాన్ని మింగేయడం తప్పు. బుద్ధి ఇచ్చినవాడే కన్నీళ్ళూ ఇచ్చాడు. ఒకదానితో ఇంకోదాన్ని నోరు మూయించమని చెప్పలేదు.

ఆదివారం ఆమె వచ్చింది. దగ్గు ఉంది కాబట్టి లోపల కూర్చోవద్దని చెప్పాను. నోటికి గుడ్డ కట్టుకొని, బయట కిటికీ పక్కన రాతి మీద కూర్చుంది. సాక్ష్యాల సమయం వచ్చింది. నేను లేచాను.

"నేను మీకు అబద్ధం చెప్పినాను" అన్నాను.

"స్తోత్రం!" అన్నారు ముందు వరసలో నలుగురు. అలవాటు మరి. సాక్ష్యంలో ఏ మాటకైనా స్తోత్రమే.

"స్తోత్రం కాదమ్మా, వినండి. నెగటివ్ అని చెప్పినాను. ఇంగా నాలుగు నెలలు మాత్ర మింగాలని చెప్పలేదు. తెలిసీ చెప్పలేదు. మీరందరూ నన్ను మెచ్చుకోవాలని చెప్పలేదు. మన చెల్లెలికి జబ్బు తిరగబెట్టింది. ఆమె నమ్మకం తక్కువై కాదు, నా నోరు తక్కువై. దేవుడు ఆమెను ముట్టింది నిజమే. ఆ మాత్రలతోనే ముట్టినాడు. ఆ చేయిని మనం బల్ల మీద పడేసినాం."

ఎవరూ స్తోత్రం అనలేదు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. బల్ల దగ్గరికి పోయి అట్టలు తీసుకున్నాను. పెట్టిన వస్తువును ఆ బల్ల మీంచి ఎవరైనా తీయడం అదే మొదలు. వెనకనుంచి ఒకరు లేచి బయటికి పోయారు, మళ్ళీ మా సంఘానికి రాలేదు. పాస్టరయ్య కళ్ళు మూసుకొని నిలబడ్డాడు. కిటికీ అవతల దగ్గు వినబడింది, తర్వాత ఆగింది.

కథ ఇక్కడ ఆగితే నేను కిటికీ దగ్గరికి పోవాల్సిన పని ఉండేది కాదు. ఆ వారమే కొత్త మిషన్ పరీక్షలో తేలింది, ఆ క్రిమి మామూలు మాత్రలకు లొంగడం లేదని. మధ్యలో మానితే అలా జరగవచ్చు. మొదటినుంచీ ఒంట్లో ఉన్నది అదే అయ్యుండవచ్చు కూడా. "ఎవురూ చెప్పలేరు సారూ, మీరు దాన్నే తలచుకోవద్దండి" అన్నాడు టెక్నీషియను. ఆ మాట పట్టుకొని ఊరట పడవచ్చు. నేను చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

ఇప్పుడు అలా లొంగని జబ్బుకు కూడా మాత్రలే ఉన్నాయి. అప్పట్లో మాత్రలతో పాటు నెలల తరబడి రోజూ సూది. మదనపల్లెలో తన చెల్లెలింట్లో ఉండి వేయించుకుంది. ఒక్క పూట తప్పలేదు. నేను ఎప్పుడు పోయినా, నేను అడగకముందే నోరు తెరిచి చూపించి, "మింగినాను సారూ" అనేది. ఐదో నెలలో ఒకరోజు, "చెవిలో ఈగ తిరిగినట్టు ఉండాది" అంది. ఆ పూటే బండి మీద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. సూది ఆపారు. ఆపేసరికి పోయిన వినికిడి పోయింది, మిగిలిందీ మెల్లగా పోయింది. ఆ సూది చేసే చెడుపు అదేనని మాకందరికీ తెలుసు. ప్రాణం నిలబెట్టింది కూడా ఆ సూదే.

రెండేళ్ళకు జబ్బు పూర్తిగా నయమైంది. ఆమె సంఘానికి తిరిగొచ్చిన ఆదివారం బల్ల లేదు, పాస్టరయ్య తీయించేశాడు. సాక్ష్యాల సమయంలో ఆమె లేచింది. చెవులు వినపడనివాళ్ళ తీరున బాగా గట్టిగా మాట్లాడింది. కూతురు పక్కన నిలబడి, చేత్తో మెల్లగా, మెల్లగా అని సైగ చేస్తూనే ఉంది.

"దేవుడు నన్ను బాగుచేసినాడు. మాత్రతో, సూదితో బాగుచేసినాడు. నా బిడ్డకు అమ్మ ఉండాది. చెవులు పోయినాయి. యాల పోయినాయని ఎవురూ సారును అడగొద్దండి. నేను అడగలేదు."

నేను లేచి బయటికి పోబోయాను. ఆమె నన్నే చూస్తూ చేయి అడ్డం పెట్టింది.

"కూర్చో సారూ. ఆ పొద్దు కిటికీ పక్కన కూర్చోని నీ మాటలన్నీ విన్నాను. మళ్ళా ఈ గుడిలో నా చెవులకు ఏమీ వినపడలేదు. నేను విన్న ఆఖరి సాక్ష్యం నీదే. బాగా వినపడింది."

ఆ ఒక్క ఆదివారం మాత్రం కూర్చున్నాను. తర్వాత ఆమె పాట ఎత్తుకుంది. శ్రుతి ఎక్కడికో పోయింది, ఆమెకు తెలియదు. హార్మోనియం వాయించేవాడు ఒక్క క్షణం ఆగి, మెట్లు మార్చుకుంటూ ఆమె ఉన్నచోటికే పోయాడు. మేమందరం ఆయన వెనకాలే పోయాం.